చూపుకు ఆధారం

కన్ను ఎంత నిశితమైనదైనా, కుదురుగా నిలిచినప్పుడే దాని చూపు నిజం చెబుతుంది. పరుగెత్తే బండిలో కూర్చున్నవానికి పుస్తకంలోని అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. అక్షరాలలో దోషం లేదు, కంటిలోనూ లోపం లేదు. కూర్చున్న చోటు కదులుతున్నది, అంతే. మనుషులకు అనుభవంలో ఉన్న ఈ సంగతి, తమంతట తాము నడిచే యంత్రాలకు మరింతగా వర్తిస్తుంది.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువానికి చేరువైన ప్రాంతంలో దిగింది. దాని నుంచి వెలుపలికి వచ్చిన ప్రజ్ఞాన్ అనే ఆరు చక్రాల రోవరు బరువు 26 కిలోలు. చంద్రుని మట్టిలో ఏయే మూలకాలు ఉన్నాయో తెలుసుకోవటానికి ఆల్ఫా కణాలతోనూ ఎక్స్ కిరణాలతోనూ పనిచేసే ఒక పరికరాన్ని శాస్త్రజ్ఞులు దానికి అమర్చారు. ఆ పరికరం ఎత్తు 18 సెంటీమీటర్లు. పరీక్షించవలసిన చోటికి చేరిన తరువాత ఒక మడతబందు దానిని మెల్లగా తిప్పి, దాని ముఖాన్ని నేలకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో నిలిపింది. ఆగస్టు 27న అదే రోవరుకు 3 మీటర్ల ముందు 4 మీటర్ల వ్యాసంగల గొయ్యి ఎదురైంది. భూమిపై ఉన్నవారు ఆ సంగతి గ్రహించి, వచ్చిన దారినే వెనుకకు మళ్ళవలసిందిగా రోవరును ఆదేశించారు. చంద్రుని మట్టిని పరీక్షించిన పరికరాన్ని, గోతిని చూపిన కెమెరాను లోకం కొనియాడింది. వాటిని సరైన ఎత్తులో, సరైన కోణంలో పట్టి నిలిపిన బందులను, బిగింపులను తలచుకొన్నవారు తక్కువ.

పరిసరాలను గ్రహించి యంత్రానికి తెలియజేసే సాధనాన్ని సెన్సర్ అంటారు. సెన్సర్‌ను యంత్రశరీరానికి పట్టి ఉంచే అమరికకు ఇంజనీర్లు పెట్టుకొన్న పేరు మౌంటు. మన పూర్వ శాస్త్రాలలో ఆధారమనీ ఆధేయమనీ ఒక జంట పదాలున్నాయి. నిలిపేది ఆధారం, నిలిచేది ఆధేయం. కుండ ఆధారమైతే నీరు ఆధేయం. ఆ లెక్కన సెన్సర్ ఆధేయం, మౌంటు ఆధారం. ఆధారం ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగిందంటే, 3 మీటర్ల దూరంలో చూపు 5 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. కంటికి ఆననంత చిన్న వంపు, దారి తప్పటానికి చాలినంత పెద్ద తప్పుగా పరిణమిస్తుంది.

ఇటువంటి ఆధారాలను ఒకప్పుడు పెద్ద కర్మాగారాలలోనే చేయగలిగేవారు. లోహాన్ని కోయాలి, వంచాలి, తొలవాలి. ఒక్క వస్తువు కోసం అంత శ్రమకు ఎవరూ ఒప్పుకొనేవారు కారు. త్రీడీ ప్రింటరు రాకతో ఆ పరిస్థితి మారింది. అమెరికాకు చెందిన స్కాట్ క్రంప్ 1980ల చివర, వేడికి కరిగే ప్లాస్టిక్కును సన్నని దారంలా పరుస్తూ పొరమీద పొరగా వస్తువును నిర్మించే పద్ధతిని కనిపెట్టాడు. తన చిన్న కూతురికి కప్ప బొమ్మ చేసి ఇవ్వాలన్న కోరికే ఆయనను ఆ ఆలోచనకు పురికొల్పింది. ఆ పద్ధతిపై ఆయన సంస్థకు ఉన్న తొలి పేటెంటు గడువు 2009లో ముగిసింది. అంతకు ముందే, 2005లో, ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఆడ్రియన్ బోయర్ ఎవరైనా తమంతట తాము నిర్మించుకోగల ప్రింటరుకు రూపకల్పన ప్రారంభించి, దాని నమూనాలను అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. ఈ రెండు కారణాలవల్ల లక్షల ఖరీదు చేసే యంత్రం వేలలోకి దిగివచ్చి, కళాశాలల గడప తొక్కింది.

ఆ మార్పు రాయలసీమకూ చేరింది. కర్నూలు నగరానికి చేరువలో జగన్నాథగట్టుమీద 2015లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ పేరులోనే డిజైన్, మాన్యుఫాక్చరింగ్ అనే రెండు మాటలున్నాయి. రూపకల్పన, తయారీ ఒకే చోట నేర్పాలన్నది ఆ పేరులోని సంకల్పం. కడప జిల్లా ఇడుపులపాయలో 2008 నుంచి గ్రామీణ విద్యార్థుల కోసం నడుస్తున్న మరొక ట్రిపుల్ ఐటీ ఉన్నది. 2016లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం ద్వారా దేశమంతటా పాఠశాల పిల్లలకు సైతం సెన్సర్లు, త్రీడీ ప్రింటర్లు అందుబాటులోకి వచ్చాయి. పరికరాలు ఎదుట ఉన్నాయి. వాటితో పని నేర్చుకోవటమెట్లా అన్నదే విద్యార్థి ముందున్న ప్రశ్న.

కడప జిల్లా పల్లె నుంచి వచ్చి ఇంజనీరింగు చదువుకొంటున్న విద్యార్థిని ఒకామెను ఊహించుకోవచ్చు. ఆమె తాత వడ్రంగి. గొర్రులు, గుంటకలు చేసి జీవితం గడిపినవాడు. ఆమె, ఆమె సహాధ్యాయులు కలిసి నాలుగు చక్రాల చిన్న రోబోను తయారుచేయ సంకల్పించారు. వేరుసెనగ సాళ్ళ మధ్య అది తనంతట తాను నడవాలి. 30 సెంటీమీటర్ల లోపున అడ్డమేదైనా వస్తే ఆగిపోవాలి. దానికి కన్నుగా అతిధ్వని సెన్సర్‌ను ఎంచుకొన్నారు. మనిషి చెవికి వినిపించని 40 వేల హెర్ట్జ్‌ల ధ్వనిని అది పంపుతుంది. ఎదుటి వస్తువుకు తగిలి ప్రతిధ్వని తిరిగివచ్చే కాలాన్నిబట్టి దూరాన్ని లెక్కకడుతుంది. గబ్బిలం చీకటిలో దారి తెలుసుకొనే ఉపాయమే ఇది.

సెన్సర్‌ను నిలిపే పని ఆ విద్యార్థిని భాగానికి వచ్చింది. ఆమె ముందుగా వెర్నియర్ కాలిపర్స్‌తో కొలతలు తీసుకొన్నది. సెన్సర్‌కు రెండు గుండ్రని కళ్ళు. ఒక్కొక్కదాని వ్యాసం 16 మిల్లీమీటర్లు. సరిగా 16 మిల్లీమీటర్ల రంధ్రం గీస్తే అందులో కన్ను పట్టదు. కరిగిన ప్లాస్టిక్కు కొద్దిగా లోపలికి పరచుకొని రంధ్రాన్ని ఇరుకు చేస్తుంది. అందువల్ల అర మిల్లీమీటరు విడుపు ఇచ్చి గీసింది. విడుపు ఎక్కువైతే సెన్సర్ వదులై కదులుతుంది, తక్కువైతే బిగిసి పగులుతుంది. చెప్పుల కొలతలో, చొక్కా కొలతలో పనివారు పాటించే ఈ విడుపు కంప్యూటరు తెరమీద దానంతటది రాదు. చేసి, చూసి, సరిదిద్దుకొని నేర్చుకోవలసిందే.

తరువాత ఆమె రోబోకు బిగించే పాదం ఒకటి, సెన్సర్‌ను పట్టే నిలువు పలక ఒకటి కలిపి, ఒక పక్క నుంచి చూస్తే గోడకు కొట్టే మూలబందులా కనిపించే ఆకృతిని గీసింది. దానిని ప్రింటరులో ఎట్లా పడుకోబెట్టాలన్నది తరువాతి ఆలోచన. ప్రింటరు 0.2 మిల్లీమీటర్ల మందంగల పొరలను ఒకదానిపై ఒకటి పేరుస్తుంది. 40 మిల్లీమీటర్ల ఎత్తుకు 200 పొరలు కావాలి. ప్రతి పొరా తనలో తాను దృఢంగా ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య అతుకు మాత్రం బలహీనం. కొయ్యకు ఈనె ఎటువంటిదో ఈ వస్తువుకు పొర అటువంటిది. ఈనె వెంబడి కొయ్య సులభంగా చీలుతుంది, అడ్డంగా విరగటం కష్టం. మూలబందును నిలబెట్టి ముద్రిస్తే వంపు దగ్గరే పొర విడిపోతుంది. పక్కకు పడుకోబెట్టి ముద్రిస్తే ప్రతి పొరలోనూ పాదం, పలక, వంపు కలిసే ఉంటాయి. ఆమె దానిని పడుకోబెట్టే ముద్రించింది.

అమర్చటంలోనూ ఒక క్రమమున్నది. మరలను ఒకదాని తరువాత ఒకటి చివరికంటా బిగిస్తే పలక ఒక పక్కకు లాగుతుంది. ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించుకొంటూ రావాలి. మోటార్ల అదురు సెన్సర్‌కు సోకకుండా పాదం కింద పలుచని రబ్బరు పెట్టాలి. తీగలు వేలాడితే వాటి లాగుడుకు కన్ను పక్కకు తిరుగుతుంది కాబట్టి, వాటిని కట్టటానికి పలకలోనే రంధ్రాలు విడవాలి. ఇవన్నీ పాటించి, ఆ బృందం ప్రయోగశాల నేలమీద రోబోను నడిపింది. గోడ ముందు ఆగింది. కుర్చీ ముందు ఆగింది. అందరూ సంతోషించారు.

మే నెల వచ్చింది. కర్నూలు, కడప ప్రాంతాలలో ఆ కాలాన 43, 44 డిగ్రీల ఎండ అరుదైన విషయం కాదు. రోబోను ఒక వాహనంలో పెట్టి, అద్దాలు మూసి, మధ్యాహ్నం వేళ ఆరుబయలుకు తీసుకొనిపోయారు. నేలమీద దించి నడపగా అది నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎదుట అడ్డమేమీ లేదు. మళ్ళీ నడిపారు, మళ్ళీ ఆగింది. ప్రోగ్రామును మొదటినుంచి చివరిదాకా పరిశీలించారు. తీగలు మార్చారు. కొత్త సెన్సర్ పెట్టారు. ఫలితం మారలేదు.

సెలవులకు ఇంటికి వెళ్ళిన ఆమె ఆ మాట తాతతో చెప్పుకొన్నది.

“ఎదర ఏమీ లేకపోయినా బండి ఆగిపోతాంది అబ్బా. రాసిన లెక్కలో తప్పేమీ కనపడలేదు.”

“గొర్రు పన్ను వంగితే సాలు వంకరపోతాది పాపా. ఎద్దులను అదిలిచ్చి ఏం లాభం? ముందు పన్ను చూడు.”

గొర్రు రాయలసీమ మెట్టసేద్యానికి ప్రాణం. దూలానికి వరుసగా దిగేసిన పండ్లు, వాటి వెనుక గింజలు జారే గొట్టాలు, ఆ గొట్టాలు పైన కలిసే చోట జడ్డిగమనే గిన్నె. జడ్డిగంలో గింజలు పోసే చేయి ఎంత నేర్పరిదైనా కావచ్చు, ఎద్దులు ఎంత తిన్నగానైనా నడవవచ్చు. పన్ను కోణం తప్పితే గింజ పదునుదాకా దిగక పైనే పడి ఎండిపోతుంది, లేదా మరీ లోతున పడి మొలకెత్తదు. ఏడాదికి ఒకటి రెండు మంచి వానలకోసం ఎదురుచూసే నేలమీద ఆ తప్పు ఖరీదు ఒక పంట. అందువల్ల వడ్రంగి గొర్రును రైతుకు అప్పగించేముందు ప్రతి పంటినీ చేతితో తడిమి, కంటితో గురి చూసి పరీక్షిస్తాడు.

ఆమె కళాశాలకు తిరిగివచ్చి ఆధారాన్ని పరీక్షించింది. నిలువుగా ఉండవలసిన పలక సుమారు 5 డిగ్రీలు ముందుకు వాలి ఉన్నది. కారణం ఆ వస్తువు స్వభావంలోనే ఉన్నది. వారు వాడిన ప్లాస్టిక్కు పేరు పీఎల్ఏ. మొక్కజొన్న వంటి పంటల పిండిపదార్థంనుంచి తయారయ్యే ఈ ప్లాస్టిక్కు సులభంగా ముద్రణకు లొంగుతుంది, వాసన తక్కువ. అందుకే విద్యార్థులు మొదట దానినే వాడుతారు. అయితే అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. రాయలసీమ వేసవిలో అద్దాలు మూసిన వాహనం లోపలి వేడి ఆ అంకెను దాటగలదు. పైగా వారు ముద్రించినది నల్లని ప్లాస్టిక్కు. నలుపు ఎండను మరింతగా పీల్చుకొంటుంది. మెత్తబడిన పలక సెన్సర్ బరువుకు, తీగల లాగుడుకు వంగి, చల్లబడగానే ఆ వంపులోనే గట్టిపడింది.

ఆ 5 డిగ్రీలు చేసిన పని ఏమిటో ఆమె లెక్కవేసి చూసింది. ఆ సెన్సర్ చూపు ఒక గీతలా సాగదు. సుమారు 15 డిగ్రీల వెడల్పుగల శంకువులా విచ్చుకొంటుంది. కన్ను నేలకు 6 సెంటీమీటర్ల ఎత్తున తిన్నగా ఉంటే, ఆ శంకువు కింది అంచు దాదాపు 46 సెంటీమీటర్ల దూరాన నేలను తాకుతుంది. 5 డిగ్రీలు వాలితే 27 సెంటీమీటర్లకే తాకుతుంది. 30 సెంటీమీటర్ల లోపున ఏది ఉన్నా ఆగమని రోబోకు ఆజ్ఞ. నున్నని ప్రయోగశాల నేల ధ్వనిని ముందుకు జార్చివేస్తుంది. గడ్డలతో, రాళ్ళతో నిండిన ఆరుబయలు నేల దానిని వెనుకకు పంపుతుంది. కాబట్టి రోబో తన కాళ్ళకింది నేలనే గోడగా భావించి ఆగిపోయింది. ప్రోగ్రాము చెప్పినట్లే అది నడుచుకొన్నది. సెన్సర్ తనకు వినిపించినదే చెప్పింది. తాడును చూచి పామనుకోవటాన్ని, ముత్యపుచిప్పను చూచి వెండి అనుకోవటాన్ని మన తార్కికులు భ్రమ అన్నారు. యంత్రానికీ భ్రమ కలుగుతుందని ఆనాడు ఆ విద్యార్థులకు తెలిసివచ్చింది.

ఆమె ఆధారాన్ని మళ్ళీ గీసింది. పలక మందాన్ని 3 మిల్లీమీటర్ల నుంచి 5కు పెంచింది. వంగకుండా నిలిచే శక్తి మందానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, ఆ రెండు మిల్లీమీటర్లతోనే దృఢత్వం నాలుగున్నర రెట్లకు మించింది. వంపు లోపలి మూలలో ముక్కోణపు ఊతం చేర్చింది. పీఎల్ఏకు బదులు 80 డిగ్రీల దాకా తట్టుకొనే పీఈటీజీ అనే ప్లాస్టిక్కును, అదీ తెల్లనిదానిని ఎంచుకొన్నది. కన్నును మరికొంత ఎత్తుకు లేపింది. తెల్లని పలకను ఎండలో ఒక పగలంతా ఉంచి, సాయంత్రం గుండుదారం వేలాడదీసి నిలువును సరిచూసిన తరువాతే దానిని రోబోకు బిగించింది. ఆ గుండుదారం ఆమెకు తాత ఇచ్చినదే.

అప్పటికీ ఒక చిన్న తేడా మిగిలింది. ఎండవేళ రోబో చెప్పే దూరాలు అసలు దూరాలకంటె కొద్దిగా తక్కువగా ఉంటున్నాయి. ఈసారి దోషం ఆధారానిది కాదు, గాలిది. 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. 44 డిగ్రీల గాలిలో ఆ వేగం దాదాపు 357 మీటర్లు. ధ్వని త్వరగా తిరిగివస్తే వస్తువు దగ్గరగా ఉన్నదని యంత్రం అనుకొంటుంది. అట్లా ఒక మీటరు దూరం 96 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. పాఠ్యగ్రంథంలో ఇచ్చిన అంకె తప్పు కాదు, కాని ఆ అంకె చల్లని గదిది. ఆమె పలకమీద నీడపట్టున చిన్న ఉష్ణమాపకానికి ఒక గూడు చేర్చింది. అది చెప్పే వేడినిబట్టి ప్రోగ్రాము ధ్వనివేగాన్ని సవరించుకొన్నది. సీమ ఎండకు తగిన ఆధారం సీమ ఎండలోనే సిద్ధమైంది.

ఇంత చిన్న ప్లాస్టిక్కు ముక్కకు ఇంత శ్రద్ధ అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. 2025 ఫిబ్రవరి 22న కృష్ణానదికి ఆవలిగట్టున, నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద, శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకొన్నారు. బురద, నీరు, విరిగిన ఇనుము నిండిన ఆ చీకటిలోకి మనుషులు వెళ్ళటమే ప్రమాదమైనప్పుడు, గాలింపుకోసం హైదరాబాదు నుంచి రోబోలను కూడా రప్పించారు. అటువంటి చోట యంత్రం చెప్పే మాటను నమ్మి, మనుషులు అడుగు ముందుకు వేయాలో వద్దో నిర్ణయించుకోవలసి ఉంటుంది. ముందున్నది దారి అని యంత్రం చెప్పినప్పుడు అది దారే కావాలి. ఆ నమ్మకం సెన్సర్‌తో పాటు దానిని పట్టిన బందుమీద, బందును బిగించిన మరమీద, ఆ మరను బిగించిన చేతిమీద ఆధారపడి ఉంటుంది. ప్రయోగశాలలో నేర్చుకొన్న శ్రద్ధకు ఆ చీకటిలో ప్రాణాల విలువ ఉన్నది.

తెలుగులో ఆధారం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నిలిపి ఉంచేది ఆధారం. నిజాన్ని రుజువు చేసేదీ ఆధారమే. రెండింటికీ ఒకే మాట ఏర్పడటం కాకతాళీయమని తోచదు. గట్టిగా నిలిచినదే నిజాన్ని చెప్పగలదు. ఒక ఫలితం తప్పుగా వచ్చినప్పుడు చూపును నిందించేముందు ఆ చూపు ఎక్కడ నిలిచి ఉన్నదో పరిశీలించటం శాస్త్రీయమైన అలవాటు. ఏ ఊరి వడ్రంగి అయినా, ఏ ఊరి శిల్పి అయినా ఉలి ఎత్తేముందు పీటను సరిచూసుకొంటాడు. చదువుకొన్న ఇంజనీరుకూ, చదువుకోని పనివానికీ ఆ అలవాటు దగ్గర తేడా లేదు. కొలత తీసుకోవటం, చేసి చూడటం, తప్పిన చోటు వెదకటం, మళ్ళీ చేయటం అనే నాలుగు మెట్లూ ఇద్దరివీ ఒకటే. త్రీడీ ప్రింటరు ఆ నాలుగో మెట్టును సులభం చేసింది. మొదటి మూడు మెట్లూ ఇప్పటికీ మనిషి ఓపికతో ఎక్కవలసినవే.